ఔషధములకును పరీక్షలు కలవు

సంవత్సరాంతపు పరీక్షలనగా మనలో భయపడనివారు అరుదు. ప్రశ్నపత్రము చేతికి వచ్చునప్పుడు గుండె కొట్టుకొనుటయు, జవాబులు వ్రాసి బయటకు వచ్చిన పిమ్మట "నేను బాగుగ వ్రాసితిని" అని ఒకరితో నొకరు చెప్పుకొనుటయు, ఫలితములు వెలువడిన దినమున ఆ మాటలలో ననేకము తారుమారగుటయు మనమందరము ఎరిగినదే. బాగుగ వ్రాసితినని తలచుట వేరు. బాగుగ వ్రాయుట వేరు. ఈ భేదము విద్యార్థులకు మాత్రమే కాదు, మందులకును గలదు. ఒక చికిత్స పనిచేసినదని తోచుట వేరు, అది నిజముగ పనిచేయుట వేరు. ఈ రెంటిని వేరుపరచుటకై వైద్యలోకము ఎట్టి పరీక్షలు పెట్టుచున్నదో, పరీక్ష పెట్టినవారే యొక్కొక్కప్పుడు ఎట్లు పొరబడిరో మన పత్రిక చదువరులకు దెలుపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

దీనికి మమ్ము పురికొల్పినవి రెండు సంగతులు. మేమెరిగిన యొక యింటిలో నాయనమ్మగారు గడపవద్ద జారిపడగా తుంటియెముక విరిగెను. శస్త్రచికిత్స చేయవలెనని వైద్యులు చెప్పిరి. "ఈ వయసున మత్తిచ్చినచో ఆమెకు మతి నిలువదు, మనుమలను గుర్తుపట్టదు" అని బంధువులు చెప్పగా ఇంటివారు పది దినములు వెనుకాడిరి. మరియొక యింటిలో తాతగారికి తెల్లవారుజామున మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయెను. సూదులు గ్రుచ్చి పక్షవాతమును కుదుర్చువారు పొరుగూర గలరని యెవరో చెప్పగా ముందు అచ్చటికి గొనిపోయి, సాయంకాలమునకు గాని ఆసుపత్రికి చేర్పలేదు. ఇరువురింటివారును ప్రేమచేతనే యట్లు చేసిరి; ఎవరిని నిందింపము. కాని ఒక యింట మత్తుమందునందలి భయమును, ఒక యింట సూదియందలి నమ్మకమును ఆ పనులు చేయించినవి. ఆ భయమెంత నిజము? ఆ నమ్మకమెంత నిజము? ఇదియే ప్రశ్న.

ముందు మత్తుమందు సంగతి చూతము. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికా దేశమందలి బోస్టను నగరపు ఆసుపత్రిలో విలియం మోర్టన్ అను దంతవైద్యుడు ఒక రోగిచేత ఈథరు ఆవిరి పీల్పించెను. వారెన్ అను వృద్ధ శస్త్రవైద్యుడు ఆ రోగి మెడమీది గడ్డను కోసెను. అంతకు ముందు శస్త్రచికిత్స యనగా రోగిని నలుగురు బలవంతులు పట్టుకొనుట, అతడు కేకలు వేయుట, వైద్యుడు వీలైనంత త్వరగ కోయుట. ఆ దినముతో ఆ కాలము ముగిసెను. మరుసటి సంవత్సరము నవంబరు మాసమున ఎడింబరో నగరమున జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి దెచ్చెను. అది ఈథరుకంటె త్వరగ పనిచేయును, మండదు, వాసన తియ్యన. మూడు నెలలైన గడువకముందే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండునందు హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, కొద్ది నిమిషములలోనే మరణించెను. గోరు తీయుటకు వచ్చిన పిల్ల ప్రాణము పోవుట చూచి లోకము ఉలికిపడెను. అటు పిమ్మట అట్టి మరణములు అక్కడక్కడ జరుగుచునే యుండెను. క్లోరోఫారము ప్రాణమును ఎట్లు తీయుచున్నది? మెదడు క్రిందిభాగమున శ్వాసమును నడపు కేంద్రమును మాన్పివేయుచున్నదా, లేక గుండెను నేరుగ నిలుపుచున్నదా? వైద్యులు రెండు పక్షములైరి. ఒక పక్షమువారు "ఊపిరిని కనిపెట్టుడు, నాడితో పనిలేదు" అనిరి. రెండవ పక్షమువారు "నాడిపై వ్రేలు తీయకుడు" అనిరి. ఈ తగవు తీర్చుటకు లోకమంతయు చూచుచుండగా పరీక్ష జరిగిన స్థలము మరెచ్చటిదో కాదు, మన హైదరాబాదు.

హైదరాబాదు రెసిడెన్సీ శస్త్రవైద్యుడును అచ్చటి వైద్యపాఠశాలకు అధ్యక్షుడును అగు ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో సైమ్ అను గొప్ప శస్త్రవైద్యుని శిష్యుడు. ఊపిరిని మాత్రమే చూడవలెననుట గురువుగారి ఉపదేశము. లారీ దానిని మనసార నమ్మినవాడు. 1888లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ప్రాపున మొదటి క్లోరోఫారము సంఘము ఏర్పడి, కుక్కలపై ప్రయోగములు చేసి, గుండె నిలుచుటకు ముందుగనే ఊపిరి నిలుచుచున్నదని తేల్చెను. లండనునందలి లాన్సెట్ అను వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. అంతట నిజామువారు వేయి పౌనులిచ్చి, మీ మనిషినే పంపి చూడుడనిరి. పత్రికవారు లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపిరి. ఆయన క్లోరోఫారము గుండెకు అపాయకరమని యంతవరకు తలచినవాడు. 1889లో రెండవ సంఘము కుక్కలు, కోతులు మొదలగు నాలుగువందలకు పైబడిన ప్రాణులపై ప్రయోగములు చేసెను. బ్రంటన్ తన యభిప్రాయమును మార్చుకొనెను. ఊపిరిని కనిపెట్టి యున్నంతవరకు గుండెకు భయము లేదని సంఘము ప్రకటించెను. ఆ వైద్యపాఠశాలయే తరువాత ఉస్మానియా వైద్యకళాశాల యైనది. అచ్చట ఆ కాలముననే చదివి, రోగులకు మత్తిచ్చుట నేర్చిన రూపాబాయి ఫర్దూన్జీ లోకమందలి తొలి స్త్రీ మత్తువైద్యులలో నొకరుగ పేరొందెను. ఇది మన రాజధానికి గర్వకారణమే.

అయినను సత్యమును దాచరాదు. సంఘము తీర్పు తప్పు. నాలుగువందల ప్రాణులను చూచియు వారెట్లు పొరబడిరి? వారు చేసినది చాలవరకు ఒకటే తీరు పరీక్ష: మత్తును అంతకంతకు హెచ్చించుచు ప్రాణము పోవువరకు చూచుట. అట్లు చేసినచో ముందు నిలుచునది ఊపిరియే. కాని మనుష్యులు చచ్చుచుండినది అట్లు కాదు. అనేకులు మత్తు పూర్తిగ నెక్కక పూర్వమే, భయముతో నున్న ఆరంభదశలోనే, హఠాత్తుగ మరణించుచుండిరి. 1893లో కేంబ్రిడ్జియందు గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు హైదరాబాదు తీర్పును ప్రయోగములతో విమర్శించిరి. 1911లో గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు అసలు రహస్యమును బయలుపరచెను. కొద్దిపాటి క్లోరోఫారము పీల్చిన పిల్లులకు అడ్రినలిన్ అను ద్రవమును ఎక్కింపగా వాని గుండె క్రమము దప్పి, నెత్తురును త్రోయజాలక వట్టిగ వణకి నిలిచిపోయెను. అడ్రినలిన్ మన శరీరముననే పుట్టునది. భయపడినప్పుడు హెచ్చుగ పుట్టును. అనగా భయపడిన రోగి, స్వల్పమైన మత్తు, ఈ రెండును గలిసిన చోటనే అపాయము పొంచియుండెను. ఆ చోటును హైదరాబాదు సంఘము వెదకనే లేదు.

దీనివలన మనము నేర్వదగిన మొదటి పాఠమిది. ప్రయోగముల లెక్క పెద్దదైనంత మాత్రమున ప్రశ్న సరియైనది కాదు. లెక్కలలో నూరు సమస్యలను శ్రద్ధగ చేసినను, అడిగినది వేరొక సమస్యయైనచో మార్కులు రావు గదా! లారీ తన జీవితాంతమువరకు గురువుగారి మాటనే సమర్థించుచు వచ్చెను. ఆయన శ్రమపడినవాడు, మోసగాడు కాడు. కాని తాను నమ్మినదానిని కూల్చగల పరీక్షను తానుగ వెదకలేదు. ఊపిరిని కనిపెట్టుడన్న ఉపదేశము మంచిదే. నాడిని విడువుడనుటయే ముప్పు. ఈ దినములలో మత్తువైద్యులు ఊపిరిని, నాడిని, రక్తపు పోటును, నెత్తురులోని ప్రాణవాయువును ఒక్కమారుగ యంత్రములతో కనిపెట్టుచుందురు. క్లోరోఫారము వాడుక నశించినది.

ఇక మత్తుమందు మెదడునకు నేమి చేయును? దానిని నిద్రయని మనము వాడుకగ చెప్పుదుము గాని అది నిద్ర కాదు. నిద్రించువానిని తట్టిన లేచును. మత్తులోనున్నవాడు కోసినను లేవడు. 1899లో మేయర్ అను జర్మనుడు, 1901లో ఓవర్టన్ అను మరియొకడు, ఆలివు నూనెలో నెంత సులభముగ కరగునో అంత బలముగ మత్తు పనిచేయునని వేరువేరుగ కనుగొనిరి. కనుక మెదడు కణముల చుట్టునుండు క్రొవ్వు పొరలో కరగి మత్తు పనిచేయుచున్నదని చిరకాలము తలచిరి. 1984లో ఫ్రాంక్స్, లీబ్ అను లండను శాస్త్రజ్ఞులు మిణుగురుపురుగునకు వెలుగునిచ్చు పదార్థమును పరీక్షగాజులో తీసికొని మత్తుమందు కలిపి చూచిరి. అందు క్రొవ్వు లేదు. అది మాంసకృత్తు మాత్రమే. అయినను మత్తుమందు దాని వెలుగును తగ్గించెను. మత్తు క్రొవ్వులో గాక మాంసకృత్తులపైననే పనిచేయగలదని ఇందువలన తేలెను. మెదడు కణములమీద తాళములవంటి మాంసకృత్తులు గలవు. కణములను శాంతపరచు గాబా అను రసము ఆ తాళములలో కొన్నిటిని తెరచును. నేడు వాడు ప్రోపోఫాల్ మొదలగు మందులు ఆ గాబా పనిని హెచ్చించి, కణములు మాటిమాటికి సందేశములు పంపుకొనకుండ చేయును.

1929లో హాన్స్ బెర్గర్ మనుష్యుల తలపైనుండి మెదడునందలి విద్యుత్తరంగములను వ్రాసిన సంగతి ప్రకటించెను. ఆ వ్రాత సాయమున మత్తును చూడవచ్చును. మేలుకొనియున్న మెదడు మధ్యాహ్న విరామమందలి తరగతివంటిది: ప్రతివాడును వేరొకనితో ఏదో మాటలాడుచుండును, వినవచ్చునది గజిబిజియే యైనను అందు వేయి సంభాషణలు గలవు. మత్తులోని మెదడు అందరును గొంతు కలిపి మెల్లగ ఎక్కములు వల్లించు తరగతివంటిది. ధ్వని పెద్దది; కాని ఒకడు మరియొకనితో ఒక్క మాటయు చెప్పుకొనజాలడు. మెదడులోని భాగములు ఒకదానితో నొకటి మాటలాడుట మానినచో తెలివి యుండదు. మందు ఆగినంతనే మరల సంభాషణ ప్రారంభమగును.

అందరి మెదడులును వెంటనే యథాస్థితికి వచ్చునా? ఇచ్చటనే నాయనమ్మగారి బంధువుల భయము వచ్చుచున్నది. అది వట్టి మూఢవిశ్వాసము కాదు. 1955లోనే బెడ్‌ఫర్డ్ అను ఆంగ్ల వైద్యుడు మత్తు పిమ్మట కొందరు వృద్ధుల బుద్ధి మందగించినదని వ్రాసెను. 1998లో వెలువడిన యొక గొప్ప పరిశీలనలో అనేక దేశముల వైద్యులు 60 ఏండ్లు దాటిన 1218 మందికి శస్త్రచికిత్సకు ముందును పిమ్మటను జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టిరి. వారము పిమ్మట నూటికి 25.8 మందికిని, మూడు నెలల పిమ్మట నూటికి 9.9 మందికిని బుద్ధి తగ్గినట్లు కనబడెను. ఇంతటితో ఆగినచో భయపడవలసినదే. కాని ఆ వైద్యులు శస్త్రచికిత్స లేని వృద్ధులకును అవే పరీక్షలు అంతే కాలము వ్యవధితో పెట్టిరి. వారిలో తగ్గినవారు నూటికి 3.4, 2.8 మాత్రమే. కనుక తగ్గుదల నిజమే; కాని అది మూడు నెలలలో చాలవరకు తీరిపోవునది.

అయితే ఆ తగ్గుదలకు కారణము మత్తుమందేనా? శస్త్రచికిత్స యనగా మత్తు మాత్రమే కాదు. గాయము, నొప్పి, వాపు, జ్వరము, నిద్రలేమి, క్రొత్త చోటు, ఇవియన్నియు గలవు. మత్తు దోషమెంతయో తెలియవలెనన్న దానిని వేరుచేసి పరీక్షింపవలెను. అందులకు ఉపాయము దొరకినది. తుంటియెముక విరిగినవారికి పూర్తి మత్తిచ్చియు శస్త్రచికిత్స చేయవచ్చును. వెన్నులో మందెక్కించి నడుము క్రిందిభాగమును మాత్రము మొద్దుబార్చియు చేయవచ్చును. రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగ విభజించి, ఒక జట్టునకు ఒకటియు, రెండవ జట్టునకు రెండవదియు నిచ్చినచో తేడా తెలియును. చీట్లు ఎందులకు? వైద్యుని యిష్టమునకు విడిచినచో బలహీనులను ఒక వైపునకును, బలవంతులను మరియొక వైపునకును తెలియకయే పంపును. చీటికి పక్షపాతము లేదు.

ఇట్టి పరీక్ష అమెరికా, కెనడా దేశములలో 50 ఏండ్లు దాటిన 1600 మందిపై జరిగి 2021లో వెలువడెను. శస్త్రచికిత్స పిమ్మట సంధి పుట్టి తికమకపడినవారు వెన్నుమందు జట్టులో నూటికి 20.5, పూర్తి మత్తు జట్టులో నూటికి 19.7. చీనాలో 65 ఏండ్లు దాటినవారిపై జరిగి 2022లో వెలువడిన పరీక్షలో నూటికి 6.2, 5.1. రెండుచోట్లను చెప్పుకోదగిన తేడా లేదు. అనగా వృద్ధులకు కలుగు తికమకకు పూర్తి మత్తునే దోషిగ నిలువబెట్టుటకు ఆధారము లేదు. శిశువుల విషయమునను ఇట్లే. ఏడు దేశములలో 722 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, ఇంచుమించు ఒక గంట మత్తు పొందినవారును, మెలకువతోనే మొద్దుబార్పబడినవారును అయిదేండ్ల వయసున తెలివితేటలలో సమానముగ నుండిరని 2019లో ప్రకటించిరి.

మరి ఆ తికమకను తగ్గించుట ఎట్లు? 1999లో అమెరికాయందలి యేల్ వైద్యులు ఇతర వ్యాధులతో ఆసుపత్రిలో చేరిన 70 ఏండ్లు దాటిన 852 మందిని పరిశీలించిరి. ఒక జట్టువారికి మందులేవియు హెచ్చుగ నీయలేదు. కండ్లజోడు, చెవియంత్రము అందించుట, తగినన్ని నీళ్లు త్రాగించుట, పగలు నడిపించుట, రాత్రి నిద్ర చెడకుండ చూచుట, నేడే వారమో, తామెచ్చట నున్నారో మాటలలో గుర్తుచేయుచుండుట, ఇంత మాత్రమే చేసిరి. సంధి పుట్టినవారు నూటికి 15 నుండి 9.9కు తగ్గిరి. విద్యార్థులారా, ఇది మనుమలు చేయదగిన పని కాదా! తుంటియెముక విరిగిన వృద్ధులను రోజులతరబడి మంచమున నుంచుటవలన ఊపిరితిత్తుల జబ్బు, ఒరపిడి పుండ్లు, కాళ్లలో నెత్తురు గడ్డలు వచ్చును. ఒకటి రెండు దినములలో శస్త్రచికిత్స జరుగుటయే మేలని నేటి వైద్యుల మతము.

ఇక సూది సంగతి. చీనాదేశమున సన్నని సూదులను శరీరమున నియమిత స్థానములలో గ్రుచ్చి చికిత్స చేయుట బహు ప్రాచీనము. దీనినే ఆక్యుపంక్చర్ అందురు. 1938లో చీనాకు సాయముగ మన దేశము పంపిన వైద్యబృందములో నొకరగు డాక్టరు బి. కె. బసు దీనిని చీనాలో నేర్చి 1959లో కలకత్తాయందు ప్రవేశపెట్టెను. పాశ్చాత్యులకు దీనిపై మోజు పుట్టించినది 1971 నాటి సంఘటన. జేమ్స్ రెస్టన్ అను అమెరికా పత్రికారచయిత పీకింగు నగరమున నుండగా ప్రేగునొప్పి వచ్చి శస్త్రచికిత్స జరిగెను. అతనికి సూదులతోనే మత్తిచ్చి కోసిరని లోకమంతట వదంతి వ్యాపించెను. కాని రెస్టన్ స్వయముగ వ్రాసినది వేరు. కోయునప్పుడు మామూలు మొద్దుబార్చు మందునే సూదిపోటుగ వేసిరి. శస్త్రచికిత్స పిమ్మట కడుపుబ్బరము బాధింపగా మాత్రము సూదులు గ్రుచ్చిరి. ఆ బాధ తగ్గెను. వ్రాసిన దొకటి, జనులు చదివికొన్న దొకటి!

సూదికి పరీక్ష పెట్టుట మందుకు పెట్టుటకంటె కష్టము. మందైనచో ఒక జట్టునకు మందుమాత్ర, మరియొక జట్టునకు అదే రంగు పిండిమాత్ర ఈయవచ్చును. సూది గ్రుచ్చినది గ్రుచ్చనిది రోగికి తెలియదా? 1998లో జర్మనీయందు స్ట్రైట్‌బెర్గర్ అనునతడు దీనికి ఉపాయము పన్నెను. నాటకములలో పొడిచినప్పుడు పిడిలోనికి జారిపోవు బాకులను మనము చూచియున్నాము. అట్టి మొండి సూదిని చేయించెను. అది చర్మమును తాకి పిడిలోనికి పోవును. రోగికి గ్రుచ్చినట్లే తోచును. నాటినుండి నిజపు సూదిని బూటకపు సూదితో పోల్చుట సులభమైనది. జర్మనీలోనే నడుమునొప్పి గల 1162 మందిపై చేసి 2007లో ప్రకటించిన పరీక్ష విచిత్రమైనది. అందు బూటకపు జట్టునకు నియమిత స్థానములు గాని చోట్ల పైపైన సూదులు గ్రుచ్చిరి. మేలుపొందినవారు నిజపు సూదిచే నూటికి 47.6, బూటకపు సూదిచే 44.2, మామూలు చికిత్సచే 27.4. రోగికి ఉపశమనము కలిగినమాట నిజమే. కాని సూదిని ఎచ్చట గ్రుచ్చిరన్నదానికంటె, శ్రద్ధగ చూచినవారొకరున్నారన్న నమ్మకమే హెచ్చుగ పనిచేసినట్లున్నది.

పక్షవాతము మాట యేమి? ఇచ్చట స్వీడనుదేశపు లుండ్ నగరమందలి బార్బ్రో జోహాన్సన్ అను వైద్యురాలి చరిత్ర చెప్పదగినది. పక్షవాతముచే ఒక ప్రక్క పడిపోయిన 78 మందిని ఆమెయు, ఆమె తోడివారును రెండు జట్లు చేసిరి. ఇరు జట్లకును మామూలు వ్యాయామచికిత్స నిచ్చిరి. ఒక జట్టునకు మాత్రము పది వారములు సూదులను గూడ గ్రుచ్చిరి. సూదులు గ్రుచ్చబడినవారు త్వరగ కోలుకొనిరని 1993లో ప్రకటించిరి. గొప్ప పేరు వచ్చెను. మరియొకరైనచో అంతటితో తృప్తిపడి యుందురు. కాని సూదుల జట్టునకు సూదులే గాక, వైద్యుల శ్రద్ధయు హెచ్చుగ దొరకినది గదా! మేలు దేనివలన? ఈ సందేహము తీరవలెనని ఈమారు అనేక ఆసుపత్రులలో 150 మందిని మూడు జట్లు చేసి, రోగికి తెలియనంత స్వల్పమైన విద్యుత్తును ఒక జట్టునకు బూటకపు చికిత్సగ నిచ్చి, అందరిపై సమానమగు శ్రద్ధ చూపి మరల పరీక్షించిరి. సూదులవలన హెచ్చు మేలేమియు కనబడలేదు. దానిని 2001లో దాచక ప్రకటించిరి. లారీయు జోహాన్సనును ఇరువురును శ్రమించినవారే. ఒకరు తన తలంపును నిలుపుకొనుటకు శ్రమించిరి. ఒకరు తన తలంపును శోధించుటకు శ్రమించిరి. చదువరులు ఈ భేదమును మరువకుందురుగాక!

ఇతరుల పరీక్షలనుగూడ ఒకచోట చేర్చి చూచిరి. పక్షవాతము పిమ్మటి సూదుల చికిత్సపై 31 పరీక్షలను, అందలి 2257 మంది రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన సమీక్షలో, కొన్నిట మేలు కనబడినను ఆ పరీక్షలలో చాలవరకు లోపములతో కూడినవగుటచే వానినిబట్టి తీర్పు చెప్పరాదనిరి. సూది అన్ని పరీక్షలలోను తప్పినదని చెప్పుట న్యాయము కాదు. మత్తు దిగిన పిమ్మట అనేకులకు వాంతులగును. మణికట్టునకు లోపలివైపు కొంచెము పైగానున్న స్థానమున సూదితో గ్రుచ్చుట, నొక్కుట మొదలగు పనులచే ఆ వాంతులు తగ్గునని, 59 పరీక్షలను, 7667 మంది రోగులను జూచి 2015లో ప్రకటించిరి. ఒక విద్యార్థి లెక్కలలో తప్పి తెలుగులో నెగ్గినట్లు, సూది పక్షవాతమున నెగ్గినట్లు ఋజువు కాలేదు. వాంతుల విషయమున నెగ్గినది. ఏ పరీక్ష మార్కులను ఆ పరీక్షకే వేయవలెను గాని, ఒకదానివి మరియొకదానికి వేయరాదు.

పక్షవాతమున ఈ తప్పు ప్రాణముతో సమానము. పక్షవాతములో ననేకము మెదడునకు పోవు నెత్తురు త్రోవలో గడ్డ అడ్డుపడుటచే కలుగును. కొన్ని త్రోవ పగిలి నెత్తురు కారుటచే కలుగును. రెంటిని పైకి చూచి వేరుపరచుట అసాధ్యము. తలను యంత్రముతో చిత్రించి చూడవలెను. గడ్డయైనచో దానిని కరగించు మందు కలదు. అది మూడు గంటలలోపల ఇచ్చినచో మేలుచేయునని 1995లోను, నాలుగున్నర గంటలవరకు ఈయవచ్చునని 2008లోను పరీక్షలు తేల్చినవి. పెద్ద గడ్డలను రక్తనాళముగుండ సన్నని తీగను పంపి తీయుటయు 2015 నాటి పరీక్షలలో నెగ్గినది. ఈ మందులును చీట్లు వేసిన పరీక్షలనే దాటి వచ్చినవి. కాని గడియారము మనకొరకు ఆగదు. నెత్తురు అందని ప్రతి నిమిషమును మెదడు కణములు లక్షలుగ చచ్చుచుండును. కనుక ఎవరికైన హఠాత్తుగ మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను, ఏ గంటకు మొదలైనదో గుర్తుంచుకొని, 108కి ఫోను చేసి, తల చిత్రించు యంత్రము గల ఆసుపత్రికి తిన్నగ చేర్పవలెను. నాటుమందైనను సూదియైనను దానికి ముందు రారాదు. పిమ్మట కోలుకొను నెలలలో వ్యాయామముతో పాటు వైద్యుని యడిగి సూదులు వేయించుకొనువారు వేయించుకొనవచ్చును; కాని దానికొరకు వ్యాయామమును మానరాదు.

మేము మొదట చెప్పిన నాయనమ్మగారికి తుదకు పూర్తి మత్తిచ్చియే శస్త్రచికిత్స చేసిరి. మూడు దినములు తికమకగ మాటలాడి, పిమ్మట తేరుకొని, మనుమలనందరిని పేరుపేరున పిలిచెను. నేడు చేతికఱ్ఱతో నడచుచున్నది. తాతగారి కుడిచేయి మాత్రము నేటికిని లేవలేదు. ఆయన ఎడమచేతితో అన్నము తినుట నేర్చుకొనెను. తిన్నగ ఆసుపత్రికి చేర్చినచో ఆ చేయి వచ్చియుండునని మేము చెప్పజాలము. ఒక్కరిని చూచి సిద్ధాంతము చేయరాదనియే యింతవరకు వ్రాసితిమి. అవకాశమొకటి యుండెను, అది పోయెను అని మాత్రము చెప్పగలము.

సోదర విద్యార్థులారా! మనలో కొందరు వైద్యులగుదురు; కొందరు ఉపాధ్యాయులగుదురు; అందరమును ఏదో యొకనాడు రోగిమంచము ప్రక్కన నిలుచుందుము. "దీనితో మా మామగారికి నయమైనది" అని ఎవరైన చెప్పినప్పుడు వారిని ఎగతాళి చేయక, మెల్లగ రెండు ప్రశ్నలు వేయుడు: అది తీసికొననివారికి ఏమైనది? ఇరువురిని ఎవరైన పక్షపాతము లేక పోల్చి చూచిరా? మనము మాత్రమే పరీక్షలు వ్రాయుట న్యాయము కాదు. మన తాతగారి ప్రాణమును చేతబట్టుకొను మందును పరీక్ష వ్రాసియే రావలెను.